నీటిగుర్రం గుర్రమేనా?

చిరంజీవి అమ్మడికి,

పెదనాన్న ఆశీస్సులు. జీవశాస్త్రం మొదటి పాఠమే బుర్రకెక్కడం లేదని ఫోన్లో తెగ టెన్షన్ పడ్డావు. ముప్పై ఏళ్లు ఆ పాఠమే చెప్పినవాణ్ని, అది ఫోన్లో తేలే వ్యవహారం కాదని ఇలా రాస్తున్నాను.

పెరుగుదల, ప్రత్యుత్పత్తి, స్పందన, జీవక్రియ (కణంలో జరిగే రసాయన చర్యలు) అంటూ జీవి లక్షణాలు బట్టీ పట్టావు కదా. ఇప్పుడు ఒక్కోదానికీ అడ్డం తిరిగే ఉదాహరణ వెతుకు. ఉప్పునీళ్లలో వేలాడదీసిన స్ఫటికం రోజురోజుకీ పెరుగుతుంది. కానీ పైపైన పొరలు పేర్చుకుంటుందే తప్ప, జీవిలా లోపలినుంచి పెరగదు. కంచరగాడిద సాధారణంగా పిల్లల్ని కనదు, అంతమాత్రాన రాయైపోతుందా? అందుకే నేను ప్రత్యుత్పత్తిని ముందు పెట్టను. కణం ఉందా, అందులో జీవక్రియ నడిచే వీలుందా? ముందు అది చూడు.

ఎండిన గింజ దగ్గర చాలామంది బోల్తా పడతారు. కదలదు, పెరగదు, మరి ప్రాణమెక్కడ? ఇజ్రాయెల్‌లోని మసాడా కోట తవ్వకాల్లో దొరికిన సుమారు 2,000 ఏళ్ల నాటి ఖర్జూరపు గింజను 2005లో నాటితే మొలకెత్తింది. అన్నేళ్లూ చచ్చినట్టు పడుందంతే, చావలేదు.

వైరస్‌ది వేరే తంటా. 1935లో వెండెల్ స్టాన్లీ అనే అమెరికా శాస్త్రవేత్త పొగాకు మొజాయిక్ వైరస్‌ను స్ఫటికాలుగా మార్చి చూపాడు. సీసాలో ఉన్నంతసేపూ ఉత్త పొడి, ఆకు కణంలోకి దూరితే తన నకళ్లు చేయించుకుంటుంది. దాన్ని సరిహద్దు మీదే వదిలేసి, ఎందుకో రాయి.

ఇక పేర్లు. నీటిగుర్రం కొండంత జంతువు, సముద్రగుర్రం చిన్న చేప. రెండూ గుర్రాలు కావు. శాస్త్రీయ నామంతో ఈ తిరకాసు పోతుందనుకుంటావేమో! ఒకటి హిప్పొపొటామస్, రెండోది హిప్పోకాంపస్, గ్రీకులో హిప్పో అంటే గుర్రమే. శాంతమ్మ శాంతంగా ఉండాలని లేదు కదా, ఇదీ అంతే. పేరు నిజం చెప్పక్కర్లేదు, ఒక జీవికి ఒక్కటే ఉంటే చాలు. బాసిలోసారస్ అంటే రాజబల్లి. తీరా చూస్తే అది పాతకాలపు తిమింగలమని తేలింది. అయినా ముందు పెట్టిన పేరే నిలిచింది. మొక్కలకు 1753లో, జంతువులకు 1758లో వచ్చిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ పుస్తకాల నుంచే ఈ 'ముందు' లెక్క మొదలవుతుంది.

పేరులో మొదటి మాట ప్రజాతి, రెండోది జాతి. పాంథెరా టైగ్రిస్ పులి, పాంథెరా లియో సింహం. మొదటి మాట చూడగానే చుట్టరికం తెలిసిపోతుంది. లాటిన్ లిపిలో రాసేటప్పుడు మొదటి మాటకే క్యాపిటల్ అక్షరం. చేత్తో రాస్తే రెండింటి కిందా విడివిడిగా గీతలు గియ్యాలి. చదువుకునే రోజుల్లో నేను ఒకే గీత లాగేసి అర మార్కు పోగొట్టుకున్నాను. ఆ కచ్చతో తర్వాత ఎంతమందికి కోత పెట్టానో!

పది జీవుల పేర్లు రాసి ఫోటో పంపు. ముందు గీతలే చూస్తాను.

మీ పెదనాన్న