మీ ప్రశ్న – మా జవాబు: పాత వర్డ్‌ప్రెస్ థీమ్‌లో కస్టమైజర్ మరమ్మతు

ప్రశ్న: ఏడేళ్ల కిందట సాహిత్య బ్లాగుల కోసం ఒక వర్డ్‌ప్రెస్ థీమ్ (సైట్ రూపాన్ని నిర్ణయించే ఫైళ్ల కట్ట) తయారుచేశాను. మిత్రులు, మిత్రుల మిత్రులు కలిపి నలభై మంది దాకా వాడుతున్నారు. ఎవరు ఏది అడిగితే ఆ ఆప్షన్ అతికిస్తూ పోవడంతో కస్టమైజర్ (రంగులు, ఫాంట్ల వంటివి వాడుకరులే మార్చుకునే పేజీ) ఫైలు 1,400 వరుసలకు చేరింది. ఈ మధ్య తీరిక చూసుకుని దాన్ని శుభ్రం చేశాను. పనిలో పనిగా సెట్టింగుల పేర్లన్నిటినీ ఒక పద్ధతిలోకి తెచ్చాను. అప్‌డేట్ పంపిన సాయంత్రానికే ఫోన్లు మొదలయ్యాయి. అందరి రంగులూ, ఫుటర్‌లో రాసుకున్న వాక్యాలూ మాయమై, థీమ్ మొదటిరోజు ఎలా ఉండేదో అలా కనిపిస్తోందట. అవి తిరిగి వస్తాయా? – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: వస్తాయి, ఎందుకంటే అవి ఎక్కడికీ పోలేదు. కస్టమైజర్‌లో వాడుకరి ఎంచుకున్న విలువలను వర్డ్‌ప్రెస్ డేటాబేసులోని ఆప్షన్స్ పట్టికలో ఒకే ఒక్క వరుసలో దాచుకుంటుంది. ఆ వరుస పేరు ‘థీమ్_మాడ్స్_’ అన్న మాటకు మీ థీమ్ ఫోల్డరు పేరు తగిలిస్తే వచ్చేది. అందులో ప్రతి సెట్టింగు పేరు పక్కనే దాని విలువ ఉంటుంది. మీరు ‘హెడర్_కలర్’ను ‘కలర్_హెడర్’ అని మార్చినప్పుడు, కొత్త కోడ్ కొత్త పేరుతో వెతికి, దొరకక డిఫాల్ట్ రంగు (ఎవరూ ఏదీ ఎంచుకోనప్పుడు వచ్చేది) వేసింది. పాత పేరు మీద ఉన్న పాత రంగు మాత్రం అడిగేవాళ్లు లేక అక్కడే పడి ఉంది. కాబట్టి ఇప్పుడు చేయవలసినది, థీమ్ మొదలయ్యేటప్పుడు నడిచే ‘ఆఫ్టర్_సెటప్_థీమ్’ హుక్‌కు (మన కోడ్‌ను తగిలించడానికి వర్డ్‌ప్రెస్ ఇచ్చే చోటు) ఒక చిన్న ఫంక్షన్ తగిలించి, పాత పేరు నుంచి కొత్త పేరుకు విలువలను ఒక్కసారి మోయించడం. మోత పూర్తయినట్టు గుర్తుగా ఒక వెర్షన్ సంఖ్యను కూడా అందులోనే రాసిపెట్టండి. లేకపోతే పేజీ తెరిచిన ప్రతిసారీ ఆ పని మళ్లీ జరుగుతుంది.

ఇక్కడ కంగారుపడితే రెండో ప్రమాదం జరుగుతుంది. ఫోన్ చేసినవారిలో కొందరు మీ జవాబు కోసం ఆగకుండా ఇప్పటికే తమ రంగులను మళ్లీ ఎంచుకుని ఉంటారు. పైగా కస్టమైజర్ మార్చిన సెట్టింగులనే భద్రపరుస్తుంది తప్ప మార్చనివాటిని ముట్టుకోదు కనుక, ఒకే సైట్‌లో హెడర్‌కు కొత్త పేరు మీద విలువ ఉండి, ఫుటర్‌కు పాత పేరు మీదే ఉండిపోయి ఉండవచ్చు. అందువల్ల ఒక్కో సెట్టింగును విడిగా చూసి, కొత్త పేరు మీద ఏమీ లేనప్పుడే పాతదాన్ని తీసుకోండి. ‘ఏమీ లేదు’ అని తేల్చుకోవడానికి విలువ ఖాళీగా ఉందా అని చూడకండి. ఒకరు ఫుటర్ వాక్యం వద్దనుకుని కావాలనే చెరిపివేసి ఉంటే, ఆ ఖాళీ కూడా వారు ఎంచుకున్న విలువే. ‘గెట్_థీమ్_మాడ్స్’తో మొత్తం జాబితా తెచ్చుకుని, అందులో ఆ పేరు ఉందో లేదో చూడడమే సరైన పద్ధతి. పాత పేర్లను అప్పుడే తుడిచివేయకండి. మోతలో పొరపాటు జరిగితే వెనక్కి వెళ్లడానికి మిగిలే దారి అదొక్కటే.

శుభ్రం చేసే ఉత్సాహంలో థీమ్ ఫోల్డరు పేరు కూడా మార్చి ఉంటే ముందు దాన్ని పాత పేరుకే తీసుకురండి, ఎందుకంటే ఫోల్డరు మారితే వరుస మొత్తమే మారిపోతుంది. మీ థీమ్ మీద చైల్డ్ థీమ్ (మీ థీమ్‌ను ఆధారం చేసుకుని, తమ మార్పులను మాత్రం విడిగా పెట్టుకునే థీమ్) చేసుకున్నవారు ‘సెట్టింగులన్నీ పోయాయి’ అని గతంలో మొరపెట్టుకుని ఉంటే దానికీ కారణం ఇదే. చైల్డ్ థీమ్‌కు వేరే ఫోల్డరు, కాబట్టి వేరే వరుస.

కోడ్‌లో ఫంక్షన్ల పేర్లు, ఫైళ్ల అమరిక మీ ఇష్టం. సెట్టింగు పేరు మాత్రం విడుదల చేసిన రోజునే మీ చేతిలోంచి జారిపోయింది. అది ఎంత వికారంగా ఉన్నా అలాగే ఉంచి, పక్కన ఒక వ్యాఖ్య రాసుకుని ఉంటే మీకు ఆ సాయంత్రం ఫోన్లు వచ్చేవి కావు.

ప్రశ్న: నా థీమ్‌లో లింకుల రంగు కస్టమైజర్‌లో చూస్తే నీలంగా ఉంది, సైట్ తెరిస్తే బూడిద రంగులో ఉంది. ‘ప్రచురించు’ నొక్కుదామంటే ఆ బటన్ పనిచేయడం లేదు. – ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మీ కోడ్‌లో ఒకే డిఫాల్ట్‌ను రెండుచోట్ల రాశారు, ఆ రెండూ ఇప్పుడు వేరుపడ్డాయి. సెట్టింగును నమోదు చేసేటప్పుడు ‘యాడ్_సెట్టింగ్’లో ఇచ్చే డిఫాల్ట్ కస్టమైజర్‌కూ దాని ప్రివ్యూకూ మాత్రమే తెలుసు. బయటి సైట్‌లో విలువను తెచ్చే ‘గెట్_థీమ్_మాడ్’ నడిచేటప్పుడు ఆ నమోదు జరగదు కనుక, దానికి రెండో స్థానంలో మీరు ఏ విలువ ఇస్తే అదే డిఫాల్ట్. ఎప్పుడో ఒక రోజు మొదటిచోట #336699 అని మార్చి, రెండోచోట #666666ను అలాగే వదిలేసి ఉంటారు. వాడుకరి దృష్టిలో మార్చినదేమీ లేదు కాబట్టి బటన్ కూడా నిద్రపోతూ ఉంటుంది. డిఫాల్ట్ విలువలన్నిటినీ ఒకే ఫంక్షన్ తిరిగి ఇచ్చే ఒక జాబితాలో పెట్టి, రెండుచోట్లా అక్కడి నుంచే తీసుకోండి. కస్టమైజర్ కోడ్‌ను తిరగరాయడం ఎక్కడ మొదలుపెట్టాలని ఎవరు అడిగినా నేను చూపించేది ఈ జాబితానే.

జాబితా తయారయ్యాక, మీ ఉత్తరంతో పంపిన ఫైలులో కనిపించిన మరో పునరుక్తి కూడా తేలికగా తీరుతుంది. ఇరవై నాలుగు రంగులకు ఇరవై నాలుగుసార్లు ‘ఈ సెలెక్టరుకు (అంటే పేజీలో ఈ భాగానికి) ఈ రంగు’ అని పీహెచ్‌పీ కోడ్‌తో సీఎస్ఎస్ (పేజీ రూపాన్ని చెప్పే నియమాలు) అచ్చువేస్తున్నారు. ప్రివ్యూలో రంగు వెంటనే మారాలని అవే సెలెక్టర్లను జావాస్క్రిప్ట్‌లో మళ్లీ రాశారు. దానికి బదులు స్టైల్ ఫైలులో రంగులన్నిటినీ సీఎస్ఎస్ చరరాశులుగా (విలువకు పెట్టుకునే పేర్లుగా) పెట్టుకుంటే, పీహెచ్‌పీ పేజీ తలభాగంలో ఆ చరరాశుల విలువలు చెబితే చాలు, జావాస్క్రిప్ట్ కూడా ఆ చరరాశినే మారిస్తే చాలు. ఏ రంగు ఎక్కడ పడుతుందన్న సంగతి స్టైల్ ఫైలుకు ఒక్కదానికే తెలుస్తుంది. లూప్ తిప్పి సెట్టింగులను నమోదు చేయడం కూడా మంచిదే కానీ, పేర్లను ముక్కలు అతికించి పుట్టించకండి. ‘లింక్_కలర్’ అని ఫైళ్లలో వెతికితే ఒక్కచోటా దొరకని కోడ్, 1,400 వరుసల కోడ్ కంటే ఎక్కువ ఏడిపిస్తుంది.

ప్రశ్న: ఫాంట్ల జాబితాలో ‘మందలి’ని కొత్తగా చేర్చాను. అప్పటి నుంచి ‘రామభద్ర’ ఎంచుకున్నవారికి ‘మందలి’, ‘సురవరం’ ఎంచుకున్నవారికి ‘రామభద్ర’ వస్తున్నాయి. – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ జాబితాలో ఫాంట్లకు తాళంపేర్లు (ఒక్కో ఫాంటును గుర్తించే మారని పేర్లు) లేవు, పీహెచ్‌పీ తనంతట తాను వేసిన 0, 1, 2, 3 అన్న సంఖ్యలే డేటాబేసులోకి వెళ్లాయి. గురజాడ 0, మల్లన్న 1, రామభద్ర 2, సురవరం 3గా ఉన్నచోట మీరు మల్లన్న తరువాత మందలిని దూర్చగానే 2 మందలి అయింది, అక్కడి నుంచి అందరూ ఒక మెట్టు కిందికి జరిగారు. మొదటి జవాబులో చెప్పినలాంటి మోత ఫంక్షన్‌లో పాత వరుసక్రమాన్ని యథాతథంగా రాసిపెట్టి, 2 ఉంటే ‘రామభద్ర’ అన్న పదంగా, 3 ఉంటే ‘సురవరం’గా మార్చి భద్రపరచండి. మందలి చేర్చిన అప్‌డేట్ తరువాత ఫాంట్ ఎంచుకున్నవారి 2కు అర్థం వేరు. వారిని పాతవారి నుంచి విడదీసే గుర్తు డేటాబేసులో లేదు కనుక, అప్‌డేట్ సూచనలో ‘ఫాంట్ ఒకసారి సరిచూసుకోండి’ అని నిజాయితీగా రాయడం మేలు. ఇకమీదట శానిటైజ్ కాల్‌బ్యాక్‌లో (విలువను భద్రపరిచేముందు సరిచూసే ఫంక్షన్‌లో), వచ్చిన విలువ జాబితాలోని తాళంపేర్లలో ఒకటి కాకపోతే డిఫాల్ట్‌కు మళ్లించండి.

ఫాంటు మాట వచ్చింది కాబట్టి మరొకటి. మీ థీమ్‌లో వరుసల మధ్య దూరం 1.3 దగ్గర బిగించి ఉంది. ఇంగ్లీషుకు అది సరిపోతుంది కానీ, ‘రాష్ట్రం’, ‘వస్త్రం’ లాంటి మాటల్లో కిందికి దిగే వత్తులు తరువాతి వరుసలోని గుడులను తాకుతాయి. దాన్ని కూడా ఒక సెట్టింగు చేసి, తెలుగుకు 1.7 దగ్గర మొదలుపెట్టండి.

ప్రశ్న: బ్లాక్ థీమ్‌లు (పేజీలోని ప్రతి భాగాన్నీ బ్లాకులుగా సైట్ ఎడిటర్‌లో మార్చుకోనిచ్చేవి) వచ్చాక కస్టమైజర్ మీద ఇంత శ్రమ దండగ కాదా? – ఒక పాఠకుడు, డాలస్

జవాబు: మీ వాడుకరులు పాత పద్ధతి థీమ్‌లో ఉన్నంతకాలం దండగ కాదు. 2012లో 3.4 వెర్షన్‌తో వచ్చిన కస్టమైజర్, 2022 జనవరిలో 5.9తో సైట్ ఎడిటర్ వచ్చాక కూడా పాత థీమ్‌లకు పనిచేస్తూనే ఉంది. బ్లాక్ థీమ్ ఉన్న సైట్‌లో మాత్రం, ఏదైనా ప్లగిన్ తన సెట్టింగును అందులో నమోదు చేసుకుంటే తప్ప, అది మెనూలో కనిపించదు. మారదలిస్తే ఉన్న థీమ్‌నే అదే ఫోల్డరులో బ్లాక్ థీమ్‌గా తిప్పకండి. థీమ్ మాడ్స్‌లోని రంగులు థీమ్ డాట్ జేసన్ (బ్లాక్ థీమ్ సెట్టింగుల ఫైలు) పద్ధతిలోకి వాటంతట అవి రావు. అప్‌డేట్ నొక్కిన వాడుకరికి మొదటి ప్రశ్నలోని అనుభవమే మళ్లీ ఎదురవుతుంది. కొత్త పేరుతో కొత్త థీమ్ విడుదల చేసి, పాతదానికి భద్రతా సవరణలు మాత్రం పంపుతూ ఉండండి.