ఒకే తండ్రి, రెండు జెర్సీలు

ప్రశ్న: ప్రపంచకప్ ఫుట్‌బాల్‌లో అన్నదమ్ములు ఎదురెదురుగా ఆడారని మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనా సార్?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: నిజమేనమ్మా. కెవిన్-ప్రిన్స్ బోటెంగ్, జెరోమ్ బోటెంగ్. తండ్రిది ఘనా, తల్లులు వేరు. ఇద్దరూ పుట్టింది బెర్లిన్‌లోనే. జర్మనీ కుర్రాళ్ల జట్లకు ఆడిన కెవిన్, 2010లో తండ్రి దేశాన్ని ఎంచుకున్నాడు; జెరోమ్ జర్మనీకే ఆడాడు. ఆ జూన్ 23న జోహన్నెస్‌బర్గ్‌లో తలపడ్డారు. మనకు అర్ధరాత్రి. పెదవాల్తేరులో మా ఇంట్లో అందరూ పడుకున్నాక టీవీ సౌండ్ తగ్గించుకుని చూశాను. ఓజిల్ గోల్‌తో జర్మనీ 1-0తో గెలిచింది. నా చూపంతా ఆ ఇద్దరి మీదే. నేనూ మా తమ్ముడూ ఆర్‌కే బీచ్ ఇసుకలో చెరో జట్టుకు ఆడేవాళ్లం; వాణ్ణి అడ్డుకోవడానికి నాకు కాలు వచ్చేది కాదు. 2014లో మళ్లీ ఎదురయ్యారు, 2-2. ఆ కప్పు జెరోమ్ జట్టుదే. నాకు మాత్రం కెవిన్ నిర్ణయమే పెద్దదనిపిస్తుంది.