నాయకుల జాతకం చూసి లోక్‌సభ ఫలితం చెప్పొచ్చా? 2004 నుంచి నేను నోట్‌బుక్‌లో రాసుకున్నవి

2024లో ఒక జ్యోతిష్యుడి వీడియో నమ్మి మా బాబాయ్ పందెం కట్టి డబ్బులు పోగొట్టుకున్నారు, ఇప్పుడు 2029లో ప్రధాని ఎవరు అంటూ మళ్లీ నాయకుల జాతకాల వీడియోలు మొదలయ్యాయి, బాబాయ్ మళ్లీ అవే చూస్తున్నారు, వీటిలో నిజమెంత అని కదండీ మీరు అడిగింది.

ముందే చెప్తున్నా, నేను జ్యోతిష్యాన్ని కొట్టిపారేసే మనిషిని కాదు. మా మేనమామ దగ్గర పంచాంగం చూడడం, జాతక చక్రం వేయడం, దశలు (ఏ వయసులో ఏ గ్రహం కాలం నడుస్తుందో ఆ లెక్క) కట్టడం పదిహేనేళ్ల వయసు నుంచే నేర్చుకున్నా, ఇప్పటికీ చుట్టాల్లో ఎవరింట్లో పెళ్లి అనుకున్నా ముహూర్తానికి నాకే ఫోన్ చేస్తారు. అలాంటి నేనే చెప్తున్నా, ఒక నాయకుడి జాతకం పట్టుకుని దేశం మొత్తం ఎలా ఓటేస్తుందో చెప్పడం కుదరదు. ఎందుకు ఇంత గట్టిగా అంటున్నానంటే నా దగ్గర ఒక నోట్‌బుక్ ఉంది.

2004లో మొదలుపెట్టా అది. అప్పుడు వాజ్‌పేయి గారు గడువుకి ముందే ఎన్నికలకి వెళ్లారు, ఇండియా షైనింగ్ ప్రచారం జోరుగా నడుస్తోంది, మా మావయ్య అరుగు మీద సాయంత్రమైతే చాలు జనం, అందరిదీ ఒకటే ప్రశ్న. మావయ్య దగ్గర వాజ్‌పేయి గారివి రెండు చక్రాలు ఉండేవి, ఒకదాంట్లో తులా లగ్నం (లగ్నం అంటే పుట్టినప్పుడు తూర్పున ఉదయిస్తున్న రాశి), ఇంకోదాంట్లో వృశ్చిక లగ్నం, రెండూ ఎవరో పత్రికల్లోంచి రాసిచ్చినవే. ఏది కరెక్టో ఆయనకీ తెలీదు, కానీ రెండిట్లోనూ దశ బాగానే ఉంది మళ్లీ ఆయనే వస్తారు అని చెప్పారు, నేను తేదీ వేసి రాసుకున్నా. మే 13న కౌంటింగ్, కాంగ్రెస్‌కి 145, బీజేపీకి 138. సరే తప్పింది అనుకున్నాం, అయితే సోనియా గారే ప్రధాని అని అప్పటికప్పుడు ఆవిడ చక్రం తీశారు, మే 18న ఆవిడ నాకొద్దు అనేశారు, మే 22న మన్మోహన్ సింగ్ గారు ప్రమాణం చేశారు.

నాకు ఆ రోజు తట్టింది ఏంటంటే, అన్ని వారాల్లో ఆ అరుగు మీదకి వచ్చిన వాళ్లలో మన్మోహన్ గారి జాతకం చూడండి అని అడిగిన వాళ్లు ఒక్కరంటే ఒక్కరు లేరు. ఎలా అడుగుతారు, ఆయన జీవితంలో లోక్‌సభకి పోటీ చేసిందే ఒక్కసారి, 1999లో సౌత్ ఢిల్లీ నుంచి, అదీ ఓడిపోయారు, రాజ్యసభలో ఉన్నారు. ప్రమాణం అయ్యాక మాత్రం నెల తిరక్కుండానే ఆయన చక్రం వేసి ఇదిగో రాజయోగం అని చూపించేవాళ్లు బయల్దేరారు. మన పీవీ గారినే తీసుకోండి, 1991లో ఆయన లోక్‌సభకి పోటీయే చేయలేదు, పుస్తకాలు సర్దుకుని ఢిల్లీ వదిలేసే ఆలోచనలో ఉన్నారు, మే 21న రాజీవ్ గాంధీ హత్య జరిగింది, జూన్ 21న పీవీ ప్రధాని, ఆ తర్వాత నంద్యాల ఉప ఎన్నికలో గెలిచి లోక్‌సభకి వెళ్లారు. 1996లో దేవెగౌడ గారు కర్ణాటక ముఖ్యమంత్రిగా ఉన్న మనిషి, జూన్ 1కి ప్రధాని అయిపోయారు. ఎన్నికలకి ముందు ఈ ముగ్గురి చక్రాలూ ఎవరి బల్ల మీద ఉన్నాయి చెప్పండి? జ్యోతిష్యుడికి మనం ఏ ఇద్దరి పేర్లు చెప్తే ఆ ఇద్దరిలోనే ఒకర్ని ఆయన తేలుస్తాడు, మూడో మనిషి ఆ గదిలోకే రాడు.

ఇక పుట్టిన టైమ్ సంగతి. ఇక్కడ కొంచెం లెక్క చెప్తా, ఓపిగ్గా చదవండి, ఎందుకంటే వీడియోల్లో ఎవరూ చెప్పనిది ఇదే. లగ్నం సుమారు రెండు గంటలకొకసారి మారిపోతుంది, రాశిని తొమ్మిది ముక్కలు చేసి చూసే నవాంశ లగ్నం అయితే పదమూడు నిమిషాలకే. ఇవి పక్కన పెట్టి దశలు చూద్దాం. మోదీ గారిది 1950 సెప్టెంబర్ 17 పుట్టుక అని లెక్క, అనూరాధ నక్షత్రం, అంటే శని దశతో మొదలు, అది 19 ఏళ్లు. పుట్టేసరికి చంద్రుడు ఆ నక్షత్రంలో ఎంత దూరం వచ్చాడో దాన్నిబట్టే మొదటి దశలో ఎంత మిగిలిందో లెక్క కడతారు, ఒక నక్షత్రం దాటడానికి ఆయన ఇంచుమించు ఒక రోజు తీసుకుంటాడు, అంటే 19 ఏళ్ల దశ 24 గంటల మీద పరుచుకుని ఉన్నట్టు. పుట్టిన టైమ్‌లో గంట తేడా వస్తే దశల తేదీలన్నీ దాదాపు తొమ్మిదిన్నర నెలలు ముందుకో వెనక్కో జరిగిపోతాయి. అది టైమ్ తేడా ఒక్కటే, అయనాంశ (రాశిచక్రం ఎక్కడ మొదలవుతుందో సరిచేసుకునే డిగ్రీల లెక్క) తేడా ఇంకోటి, లాహిరి వాడేవాళ్లకీ రామన్ అయనాంశ వాడేవాళ్లకీ సుమారు డిగ్రీన్నర దగ్గర తేడా ఉంటుంది, ఇదే జాతకంలో దాని వల్ల దశలు రెండేళ్లు కదులుతాయి. ఎన్నికలేమో అయిదేళ్లకొకసారి, అందులోనూ ఫలితం ఒక్క రోజు. రెండేళ్లు అటూఇటూ కదిలే కొలతతో ఫలానా మే నెలలో గెలుస్తాడా లేదా అని ఎలా చెప్తారండీ, నాకైతే ఎప్పటికీ అర్థం కాదు. పాతకాలం నాయకుల్లో చాలామందికి పుట్టిన టైమ్ గంటా నిమిషంతో సహా నమ్మకంగా దొరకదు, అందుకే ఒకే నాయకుడికి మూడు నాలుగు లగ్నాలు తిరుగుతుంటాయి, ఆయన గెలిచాక ఆ గెలుపుకి సరిపోయే లగ్నమే అసలు లగ్నం అయిపోతుంది. దీన్ని టైమ్ సరిచేయడం అంటారు, మా మావయ్యా చేసేవారు, నేనూ చేశా, ఇప్పుడు చేయను.

యోగాలు కూడా అంతే. గజకేసరి యోగం ఉంది కాబట్టి గెలుపు ఖాయం అంటారు చూడండి, చంద్రుడి నుంచి గురుడు ఒకటి, నాలుగు, ఏడు, పది స్థానాల్లో ఎక్కడున్నా గజకేసరే, అంటే పన్నెండింట నాలుగు, మీ వీధిలో ప్రతి ముగ్గురిలో ఒకరికి ఉండొచ్చు. సూర్యుడూ బుధుడూ ఒకే రాశిలో ఉంటే వచ్చే బుధాదిత్య యోగం ఇంకా తేలిక, బుధుడు సూర్యుడికి 28 డిగ్రీల కంటే దూరం పోనే పోడు. ఓడిన నాయకుడి చక్రంలోనూ ఇవన్నీ ఉంటాయి, ఓడాక వాటి ఊసెత్తరు, అంతే తేడా.

2024 పేజీ గురించి చెప్పాలి, మీ బాబాయ్ గారికి తగిలిన దెబ్బ అదే కాబట్టి. నేను రాసుకున్న వాళ్లలో ఎక్కువమంది మోదీ గారే మళ్లీ ప్రధాని అన్నారు, అందులోనే 2019 కంటే సీట్లు పెరుగుతాయని కూడా అన్నారు. 2019లో బీజేపీకి 303. జూన్ 4న వచ్చింది 240, ఎన్డీయే అంతా కలిపి 293. ఇప్పుడు వీళ్లది ఒప్పా తప్పా? జూన్ 5 నుంచి అందరూ నేను చెప్పినట్టే జరిగింది అన్నారు, సీట్ల ముక్క ఎవరూ ఎత్తలేదు. ఇంకొకాయన మెజారిటీ పోతుంది అని సరిగ్గా అన్నాడు, కానీ పదవి కూడా పోతుందన్నాడు, ఆయన కూడా నా మాటే నిజమైంది అని వీడియో పెట్టాడు. మన ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో అయితే ఇంకా ఘోరం, 151 సీట్ల పార్టీ 11కి పడిపోయింది, కూటమికి 164, ఉగాది పంచాంగ శ్రవణంలో ఏ పార్టీ ఆఫీసులో చదివిన పంచాంగం ఆ పార్టీకే రాజయోగం చెప్పింది, సంవత్సరం పేరు క్రోధి అందరికీ ఒకటే, గ్రహాలూ ఒకటే.

పుణెలో ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ గారి బృందం ఒక పరీక్ష పెట్టింది, 2009లో కరెంట్ సైన్స్ పత్రికలో వచ్చింది. చదువులో చురుకైన పిల్లలవీ మానసిక ఎదుగుదల లేని పిల్లలవీ జాతకాలు కలిపేసి ఏది ఎవరిదో చెప్పమన్నారు, 27 మంది జ్యోతిష్యులు తలా 40 జాతకాలు చూశారు, అందరికంటే బాగా చెప్పినాయనకి 24 కుదిరాయి. ఒక జ్యోతిష్య సంస్థ మొత్తం 200 చూస్తే 102, నాణెం ఎగరేసి చెప్పినా సగం కుదురుతాయి కదా. అది మావయ్యకి చదివి వినిపించా, చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత అన్నారు, "ఒరేయ్, మనిషి ఎదురుగా కూర్చుంటే ఆ మొహంలో సగం కనబడుతుందిరా, కాగితం ఒక్కటే ఇస్తే ఇంతే." ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. నాయకుల విషయంలో ఆ సగం పేపర్లోనూ టీవీలోనూ రోజూ కనబడుతూనే ఉంటుంది, గాలి ఎటుందో జ్యోతిష్యుడికీ తెలుసు, చక్రం తర్వాత వస్తుంది.

మావయ్య 2004 తర్వాత ఫలితం చెప్పడం పూర్తిగా మానేశారు, నామినేషన్‌కి ముహూర్తం అడిగితే మాత్రం పెట్టేవారు. నామినేషన్లు తీసుకునేది పదకొండు నుంచి మూడు దాకానే, బుధవారం అయితే రాహుకాలం పన్నెండు నుంచి ఒకటిన్నర, దుర్ముహూర్తం కూడా ఆ పన్నెండు చుట్టుపక్కలే, ఇక మిగిలేది ఎంత? ఒకసారి ఎదురెదురు పార్టీల అభ్యర్థులు ఇద్దరూ మనుషుల్ని పంపించారు, ఒకరి సంగతి ఒకరికి తెలీదు, ఇద్దరికీ రెండుంబావుకే కుదిరింది. ఇద్దరూ ఆ టైమ్‌కే వేశారు. ఒకాయన గెలిచాడు, రెండో ఆయన మనిషి వచ్చి అరుగు కింద నిలబడి మావయ్యని నానా మాటలూ అన్నాడు, మావయ్య పంచాంగం మూసి ఒళ్లో పెట్టుకుని తలొంచుకుని విన్నారు. ఆ దృశ్యం చూశాక నాకు ఈ పని మీద చాలా బాధేసింది, నమ్మి వచ్చిన మనిషికి మనం ఇవ్వలేనిది ఇస్తామని చెప్పకూడదు కదా.

ఇంకో విషయం, ఎగ్జిట్ పోల్స్ మీద నిషేధం ఉన్న రోజుల్లో జ్యోతిష్యులు, టారో కార్డులు చూసి చెప్పేవాళ్లు ఫలితాలు చెప్పడం కూడా ఆ నిషేధం పెట్టిన ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 126ఏ కిందకే వస్తుందని 2017లో ఎన్నికల సంఘమే మీడియాకి చెప్పింది. జనం నమ్ముతారు, ఓటు మీద ప్రభావం ఉంటుందనే కదా.

బాబాయ్ గారికి మీరు చెప్పాల్సింది, ఈసారి ఏ వీడియో చూపించినా మూడు అడగమనండి. ఏ టైమ్‌కి చక్రం వేశారు, అది ఎక్కడ దొరికింది? ఏ అయనాంశ? పోయిన ఎన్నికకి ముందు, తర్వాత కాదు ముందు, తేదీతో సహా ఏం చెప్పారు, ఆ వీడియో ఇంకా ఛానెల్లో ఉందా తీసేశారా? నేను చూసినంతలో మూడోదాని దగ్గరే చాలామంది ఆగిపోతారు. పందెం ఊసు మాత్రం అసలు రానివ్వకండి, అది చట్టప్రకారం కూడా తప్పే, రేపు అవతలివాడు ఎగ్గొట్టినా కోర్టుకి కూడా వెళ్లలేరు, ఆ వయసులో ఇంకోసారి అంత డబ్బు పోతే మనిషి కోలుకోవడం కష్టం, పిన్నిగారిని కూడా పక్కన కూర్చోబెట్టి చెప్పండి.

నేను 2029 పేజీ తెరిచేశా. ఇప్పటికి నాలుగు రాశా, నాలుగూ నలుగురు వేర్వేరు నాయకుల పేర్లు, నాలుగింటి పక్కనా పుట్టిన టైమ్ ఎక్కడ దొరికింది అనే గడి ఖాళీగానే ఉంది.