ఒప్పుకున్నా సిగ్గు వదలడం లేదంటే

చర్చి యూత్ ఫండ్ డబ్బు వాడుకున్నానని దేవుడి దగ్గర రోజూ ఒప్పుకుంటున్నా, సిగ్గుతో ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడంలో) పాలుపొందలేకపోతున్నాను అన్నారు కదా బ్రదర్. కారణం ఒకటే అనిపిస్తోంది: డబ్బు ఎవరిదో వాళ్లకి ఇంకా చెప్పలేదు.

చాలామంది దాటేసేది ఇక్కడే. మత్తయి 5:23-24 చూడండి. అర్పణ బలిపీఠం దగ్గరే వదిలి, ముందు వెళ్లి సహోదరునితో సమాధానపడమన్నాడు ప్రభువు.

1. ఆదివారంలోపు పాస్టరు గారిని, లెక్కలు చూసే అన్నని కలవండి. ఎంత తీశారో అంకెతో చెప్పండి. "ఇంట్లో అవసరం వచ్చి..." అని మొదలుపెట్టకండి.
2. ఉన్నంత చేతిలో పెట్టి, మిగతాదానికి తేదీ చెప్పండి. సుంకం వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు (లూకా 19:8).
3. కొన్నాళ్లు చందాలు మీ చేతికి ఇవ్వొద్దనండి.
4. తర్వాత, పాపాలు ఒప్పుకుంటే దేవుడు క్షమిస్తాడని చెప్పే 1 యోహాను 1:9 చదివి, అదే పాపం రోజూ ఒప్పుకోవడం ఆపండి. యేసుని ఎరుగనని మూడుసార్లు అన్న శిష్యుడు పేతురుకే ప్రభువు తన గొర్రెల్ని, అంటే తన ప్రజల్ని, అప్పగించాడు. వచ్చే బల్లకి తప్పకుండా వెళ్లండి.