జీవాల మీద జాలి ఉంటే పశువైద్యానికి పనికిరారా?

ప్రశ్న: మాది దర్శి దగ్గర పల్లె. మా అమ్మాయి బైపీసీ పూర్తిచేసింది. బీవీఎస్సీ (పశువైద్య డిగ్రీ) సీటు వచ్చేలా ఉంది. కానీ "జంతువులను కోయడం తప్పు, నా వల్ల కాదు" అంటోంది. పక్క రాష్ట్రంలో ప్రైవేటు యూనివర్సిటీలో బీఎస్సీ అగ్రికల్చర్‌లో చేర్పిద్దామనుకుంటున్నాం. రెండింటిలో ఏది మేలు?

జవాబు: ఏటా ఫలితాలు రాగానే ఈ ప్రశ్న వస్తుంది. ముందు అమ్మాయి మాట చూద్దాం. అమ్మా, నీ బాధ న్యాయమైనదే. అనాటమీలో కళేబరాల మీద కోత ఉంటుంది, తర్వాత శవపరీక్షలుంటాయి. దాచను. అయితే అగ్రికల్చర్‌లో చేరినా తప్పించుకోలేవు. ఎంటమాలజీలో పురుగులను పట్టి, చంపి, పెట్టెలో గుచ్చి చూపించాలి. చేలో పురుగుమందు కొడితే తేనెటీగలూ పోతాయి.

జంతువులను అసలు వాడుకోకూడదనేవాళ్లున్నారు. వాడుకున్నా బాధపెట్టకూడదనేవాళ్లున్నారు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం రెండోవాళ్ల వైపే ఉంది. ఏ వైపున్నా, ఆ నొప్పిని తగ్గించగలిగేది పశువైద్యులే. కోడెకు విత్తులు నొక్కేటప్పుడు మత్తు ఇచ్చారా లేదా, పాడిగేదెకు ఏ యాంటీబయాటిక్ ఎన్నాళ్లు, ఆ పాలు ఎప్పటిదాకా అమ్మకూడదు... ఇవన్నీ నీలాగా ఆలోచించే మనిషి చేతిలో ఉండాలి. కోలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను ఆహారానికి పెంచే జంతువులకు వాడకుండా 2019లో కేంద్రం నిషేధించింది. అలాంటి నిషేధం ఊళ్లో అమలు కావాలంటే రైతుకు నచ్చజెప్పే డాక్టర్ కావాలి.

మన ప్రకాశం జిల్లా సంగతే చూడు. ఒంగోలు జాతి బ్రెజిల్ దాకా పోయి, అక్కడ నెలోర్ పేరుతో మాంసానికి పెరుగుతోంది. ఇక్కడ ట్రాక్టర్ వచ్చాక దుక్కికి ఎద్దు అక్కర్లేదు, కోడెదూడ రైతుకు బరువైంది. వానలు మొహం చాటేసిన ఏడు మేత లేక ముందు అమ్మేది పశువునే. ఇది వ్యవసాయ సమస్యా, నీతి సమస్యా అంటే రెండూ.

ఇక తండ్రిగారికి. "పశువుల డాక్టరంటే ఆడపిల్లకు ఏం గౌరవం" అన్న భయం మీ ప్రశ్న వెనక లేదంటారా? అమ్మాయి జాలిని సాకుగా పెట్టుకుని లక్షలు పోసి వేరే కోర్సు కొనకండి. బీఎస్సీ అగ్రికల్చర్ మంచి చదువే. దాని పేరుతో పుట్టుకొస్తున్న ప్రైవేటు కాలేజీల మీదే నా అనుమానం. ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) గుర్తింపు ఉందా? పిల్లలు సాగు చేయడానికి సొంత పొలం ఉందా? బ్రోచర్‌లో పాలీహౌస్ ఫొటో చూసి మురిసిపోవద్దు. చదివి బయటికొచ్చాక చాలామందికి మొదట దొరికేది విత్తనాలు, పురుగుమందుల అమ్మకాల టార్గెట్లే. మా దగ్గరకొచ్చే పిల్లల్లో ఈ నిరాశే ఎక్కువ కనిపిస్తోంది.

బీవీఎస్సీకి ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు పడుతుంది. టెన్షన్ పడాల్సినంత ఎక్కువేం కాదు. కౌన్సెలింగ్‌కు ముందు అమ్మాయిని మీ మండల పశువైద్యశాలకు పంపండి, డాక్టర్‌గారి అనుమతితో నాలుగు రోజులు ఉదయాలు అక్కడే ఉండనివ్వండి. ఈనడం కష్టమైన గేదె దగ్గర నిలబడి, ఆ తర్వాత కూడా వద్దంటే ఒప్పుకోండి. అప్పుడు ఏ అగ్రికల్చర్ కాలేజీ అన్నది మాట్లాడుకుందాం.