అమ్మమ్మ చీరల బొంతకు ఏ దారం

చిట్టితల్లికి,

అమ్మమ్మ చీరల ముక్కలతో పుట్టబోయే బిడ్డకు బొంత కుడతానన్నావట. నీ చేత్తోనే కుడతావని మీ అమ్మ ఫోన్లో చెప్పగానే నా కళ్లు చెమర్చాయి. పాలిస్టర్ దారాల డబ్బా తెచ్చుకున్నావని కూడా చెప్పింది. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. ఆ డబ్బా వెనక్కి ఇచ్చెయ్.

సూది సన్నంగా ఉండాలి. దారం లేత బూడిద రంగుది తీసుకో, అన్ని రంగుల్లోనూ కలిసిపోతుంది. అది నూలు దారమే కావాలి.

మీ అన్నయ్య నా కడుపులో ఉన్నప్పుడు మా అమ్మ బొంతకని తన పొందూరు చీర ఇచ్చింది. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, చేత్తో వడికిన నూలు. ఏళ్ల తరబడి ఉతికి ఉతికి వెన్నలా అయిపోయింది. "నూలుకి నూలే వెయ్యవే" అంది అమ్మ. గట్టిగా ఉంటుందని నేను టైలర్ దగ్గర పాలిస్టర్ రీలు తెచ్చి, దగ్గర దగ్గరగా కుట్టేశాను. ఏడాది తిరక్కుండా, ఉతికి ఆరేస్తుంటే కుట్టు పక్కనే చీర విడిపోయింది. స్టాంపుల కాగితానికుండే చిల్లుల్లాగా వరసగా చిల్లులు. దారం ఒక్కచోట కూడా తెగలేదు, బట్టే తెగింది. నూలు దారమైతే ముందు అదే తెగేది, మళ్లీ కుట్టుకునేదాన్ని. అమ్మ ఆ చిరుగు మీద వేలితో రాసి చూసి, మాట్లాడకుండా మడత పెట్టేసింది. ఒక్క మాట తిట్టినా బాగుండేది.

పాత రీలు ఇంట్లో ఉంటే రెండు చేతులతో పట్టి చటుక్కున లాగి చూడు, పుటుక్కుమంటే పారెయ్. ముదురు రంగు దారమైతే తడిపి తెల్లగుడ్డ మీద అద్దు, రంగు దిగితే వద్దు. మూరకు మించి కత్తిరించకు. బట్టలోంచి లాగిన ప్రతిసారీ దారం అరిగి నూగు లేస్తుంది. రీలు నుంచి ముందుగా వచ్చిన కొసనే సూదిలోకి ఎక్కించి, కత్తిరించిన కొసకు ముడి వెయ్యి, చిక్కులు తగ్గుతాయి. తేనె మైనం మీద ఒకసారి లాగితే ఇంకా మంచిది. ఒంటిపేటే చాలు, నాలుగైదు కుట్లకోసారి వెనక్కి ఒక కుట్టు వెయ్యి.

రాత్రిళ్లు మేలుకుని కుట్టకు తల్లీ, నడుము నొప్పి అంటున్నావట.

నూలు రీళ్లు రెండు, మైనం ముద్ద బావతో పంపుతున్నాను. ఆకుపచ్చ అంచు చీర మాత్రం నేను వచ్చేదాకా కొయ్యకు.

మీ పెద్దమ్మ
శ్రీకాకుళం