నచ్చనిది ఫామ్‌హౌసా, దాని ఖర్చా?

ప్రశ్న: నాకు 27 ఏళ్ళు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నిశ్చితార్థం అయింది, మాఘంలో పెళ్ళి. కాబోయే ఆయనకు పెళ్ళి ఆరుబయట, పచ్చని చోట జరగాలని కోరిక. వాళ్ళ తాతగారి ఊరు అమలాపురం దగ్గర. చిన్నప్పుడు అక్కడి కొబ్బరితోటల్లో చూసిన పెళ్ళిళ్ళ గురించి తెగ చెబుతుంటాడు. అందుకని ఆదివారం వస్తే చాలు, ఇద్దరం మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు ఫామ్‌హౌస్‌లు చూడ్డానికి వెళ్తున్నాం. వెళ్ళేటప్పుడు సరదాగానే ఉంటాం, తిరిగొచ్చేటప్పుడు కారులో గొడవ. ఒకచోట బాత్రూమ్‌లు బాగాలేవన్నాను. ఇంకోచోట మట్టిరోడ్డు అన్నాను. చేవెళ్లలో దోమలన్నాను. ‘నీకు నచ్చంది చోటా, నేనా?’ అనేశాడు. మా నాన్నగారు రిటైరైన స్కూల్ టీచర్. చెల్లి బీటెక్ చదువుతోంది. ‘అల్లుడుగారికి ఏది నచ్చితే అదే చేద్దాంలేమ్మా’ అంటారు నాన్న. కానీ షాద్‌నగర్ దగ్గరున్న ప్లాటు అమ్మేద్దామని రాత్రిపూట అమ్మతో అంటుంటే విన్నాను. వచ్చే ఆదివారం వికారాబాద్‌లో ఒక రిసార్ట్‌కు అడ్వాన్స్ ఇచ్చేద్దాం అంటున్నాడు. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక సోదరి, వనస్థలిపురం

జవాబు: దోమల సంగతి అటుంచండి. ప్లాటు సంగతి అతనికి చెప్పారా? మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, చెప్పినట్టు ఎక్కడా లేదు.

మీరు బాత్రూమ్‌లు బాగాలేవంటే అతను మంచి బాత్రూమ్‌లున్న చోటు వెతికాడు. మట్టిరోడ్డంటే మెయిన్‌రోడ్డు మీదే ఉన్నది చూశాడు. ఇందులో అతని మొండితనం నాకేమీ కనబడలేదు. మీరు పెట్టిన ప్రతి వంకనూ నిజమని నమ్మి, దాన్ని తీర్చుకుంటూ పోతున్నాడు పాపం. ఒక్కో వంక తీరినప్పుడల్లా రేటు పెరుగుతుంది కదా, అలా పెరిగి పెరిగి వికారాబాద్ రిసార్ట్ దాకా వచ్చింది. మీరు ఇంకో వంక పెడితే ఇంకా ఖరీదైనది చూస్తాడు.

‘మా నాన్న దగ్గర అంత లేదు’ అని కాబోయే భర్తతో చెప్పడం మనకు నామోషీ. అర్థం చేసుకోగలను. పెళ్ళి ఖర్చు అమ్మాయి తరఫువాళ్ళది, రిసెప్షన్ అబ్బాయి తరఫువాళ్ళది అని మన ఇళ్ళల్లో చాలాచోట్ల ఎవరూ నోరు తెరిచి అడక్కుండానే నడిచిపోతూ ఉంటుంది. అడగరు కాబట్టి ఎంతవుతుందో అబ్బాయికి తెలిసే అవకాశమూ ఉండదు. లాన్, లైట్లు, చెట్లు అతని కంటికి కనబడుతున్నాయి. బిల్లు మీ నాన్నగారికి మాత్రమే కనబడుతోంది.

ముందు మాట్లాడాల్సింది నాన్నగారితో. ‘అల్లుడుగారికి నచ్చింది చేద్దాం’ అన్న మాటను సరేనన్నట్టు తీసుకోకండి, ఆడపిల్ల తండ్రి నోట అలవాటుగా వచ్చే మాట అది. ‘బడ్జెట్ ఎంత నాన్నా’ అని అడిగితే ‘అవన్నీ నీకెందుకమ్మా’ అంటారు. కాబట్టి ప్లాటు మాట మీ చెవిన పడిందని ముందే చెప్పేయండి. ప్లాటు ముట్టుకోకుండా, చెల్లి కోసం దాచింది కదపకుండా ఎంత తీయగలరు, అందులో బంగారానికి ఇప్పటికే ఎంత పోయింది, ఇంక చేతిలో ఎంత మిగులుతుంది అని కూర్చుని రాయించండి. మాస్టారు కదా, కాగితం పెన్ను చేతికిస్తే లెక్క తేల్చకుండా లేవరు. అమ్మగారినీ పక్కనే కూర్చోబెట్టండి. పెట్టుపోతల చీరల లెక్క ఆవిడకే తెలుస్తుంది, ఆయన దాన్ని ఎప్పుడూ సగమే వేస్తారు.

ఆ అంకె తెలిశాక అతనితో మాట్లాడండి. కారులో వద్దు, ఇంకో ఫామ్‌హౌస్ చూసొచ్చిన వేడిలో అసలే వద్దు. మధ్యలో ఒకరోజు ఆఫీసు అయ్యాక ఎక్కడైనా కూర్చుని సూటిగా చెప్పండి: ‘చేవెళ్ల చోటు నాకూ నచ్చింది. దోమలని ఊరికే వంక పెట్టాను. నాన్న ప్లాటు అమ్మే ఆలోచనలో ఉన్నారు, అది నాకిష్టం లేదు. అది అమ్మకుండా మా వైపు నుంచి ఇంత అవుతుంది. ఇందులో ఎలా చేసుకుందామో నువ్వూ ఆలోచించు.’ క్షమాపణలతో మొదలుపెట్టకండి. నాన్న కష్టాలన్నీ ఏకరువు పెట్టకండి, అతను జాలిపడితే మీకే తర్వాత బాధగా ఉంటుంది.

చాలామంది అబ్బాయిలు ఇది వినగానే ‘దానిదేముంది, నేను లోన్ తీసుకుంటాలే’ అంటారు. మంచి మనసే. కానీ పది లక్షలు 12 శాతం వడ్డీకి మూడేళ్ళకు తీసుకుంటే నెలకు 33 వేల పైచిలుకు ఈఎంఐ. కాపురం పెట్టిన మొదటి నెల నుంచీ ఇద్దరి జీతాల్లోంచి అది పోతుంది. ఒక పూట లాన్ కోసం అంత అవసరమా అన్నది ఇద్దరూ కలిసి తేల్చుకోండి. నన్నడిగితే అవసరం లేదనే అంటాను.

అతని కోరికను మాత్రం చులకన చేయకండి. అతను చిన్నప్పుడు చూసింది ఇంటి ముందు కొబ్బరాకుల పందిరి, గుంజలకు కట్టిన అరటిచెట్లు. అలాంటి ఊళ్ళో పెళ్ళికి పక్కింటివాళ్ళు, ఎదురింటివాళ్ళు గదులు ఖాళీ చేసి విడిది ఇచ్చేవారు. వంట దగ్గర సగం ఊరుండేది. ఫామ్‌హౌస్‌లో అదంతా బిల్లే. బయటి క్యాటరింగ్ తెచ్చుకుంటే చాలాచోట్ల దానికీ డబ్బు కట్టమంటారు. జనరేటర్ డీజిల్ విడిగా అంటారు. గదులు నాలుగో ఆరో ఉంటాయి, మగపెళ్ళివారికే చాలవు. వికారాబాద్ మీ వనస్థలిపురం నుంచి 80 కిలోమీటర్లకు తక్కువుండదు. మన ముహూర్తాలు అర్ధరాత్రి దాటాక కూడా పడతాయి, మాఘంలో ఆ వేళప్పుడు మంచు కురుస్తుంటుంది. తలంబ్రాలు పడ్డాక రెండింటికో మూడింటికో మీ పెద్దమ్మలు, మామయ్యలు ఎక్కడ పడుకుంటారు? బస్సు పెట్టాలి, లేదా గదులు తీయాలి. పైగా 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఆరుబయట మైకులూ స్పీకర్లూ పెట్టకూడదు. ఇవన్నీ వంకలుగా కాకుండా లెక్కలుగా అతని ముందు పెట్టండి.

నాకు తోచిన దారి ఒకటి చెబుతాను. పెళ్ళి మీకు దగ్గర్లోని ఫంక్షన్ హాల్లోనో గుళ్ళోనో మీ నాన్నగారి చేతిలో ఉన్నంతలో చేయండి. ఆరుబయట కోరికను రిసెప్షన్‌కు మార్చండి. అది ఎలాగూ అబ్బాయి తరఫువాళ్ళు చేసేదే కాబట్టి మీ నాన్నగారికి చిన్నతనం ఉండదు. ముహూర్తంతో పని లేదు కాబట్టి పగలే పెట్టుకోవచ్చు. వంద మందితో సరిపెట్టుకుంటే ఆ చేవెళ్ల చోటే చాలు. అయితే వాళ్ళ ఇంట్లో ఎంత పెట్టగలరో అతనూ అడిగి తెలుసుకోవాలి. ఖర్చు అటు వెళ్ళిందని మీరు ఊపిరి పీల్చుకుంటే, ఇంకో తండ్రి ఇంకో ప్లాటు అమ్మే పరిస్థితి రావచ్చు.

అతను అన్నీ విని ‘అది మీ నాన్నగారు చూసుకోవాల్సింది కదా’ అంటే? ఆ ఒక్క మాటకే సంబంధం వదులుకోమని నేననను. మొదటిసారి విన్నప్పుడు కంగారులో, ఇంట్లో వినీ వినీ అలవాటైన మాట రావచ్చు. ఒకటి రెండు రోజులు చూసి మళ్ళీ అడగండి. అప్పుడూ అదే అంటే ఫామ్‌హౌస్‌లు చూడడం ఆపేసి, పెళ్ళి తేదీ దగ్గరపడక ముందే పెద్దల్ని కూర్చోబెట్టండి. మీరు రాసినదాన్ని బట్టి అంతదాకా వస్తుందని నాకనిపించడం లేదు. ‘నీకు నచ్చంది నేనా’ అని అడిగినవాడు ఖర్చు గురించి కాదు, మీ గురించే భయపడుతున్నాడు.

వచ్చే ఆదివారం వికారాబాద్ ప్రయాణం ఇప్పటికి వాయిదా వేయించండి. రిసార్ట్‌వాళ్ళు ‘ఆ తేదీకి ఇంకో పార్టీ అడుగుతోంది’ అంటారు, ఎప్పుడూ అదే అంటారు. ఎక్కడైనా సరే, పెళ్ళి తేదీ మారితే డబ్బు వెనక్కిస్తారా, వేరే తేదీకి సర్దుతారా అన్నది కాగితం మీద రాసిచ్చేదాకా రూపాయి కట్టవద్దు.